ఎవరూ చెత్త వెయ్యని సంచీ

అక్టోబరు 3, ఆదివారం

దలీలా దానిమ్మలు కోయడానికి పుట్టింటికి వెళ్ళింది. కోతలు అవగానే వచ్చేస్తుంది. ఈ ఏడు కాపు బాగా ఉందట, మామయ్యకి కూలీలు దొరకడం లేదట. చలికోటు, కుట్టుమిషను కూడా పట్టుకెళ్ళింది. దానిమ్మలు కోయడానికి కుట్టుమిషను ఎందుకని నేను అడగలేదు. ఆడవాళ్ళ సామాన్ల విషయంలో మగాడు వేలు పెట్టకూడదు.

ఇంట్లో మాట్లాడే మనిషి లేదు కాబట్టి ఈ డైరీ మొదలుపెడుతున్నాను. కిందటేడు మా మునిసిపాలిటీ అచ్చు వేయించినదే ఇది. ప్రతి పేజీ అడుగునా 'చెత్త తగ్గిద్దాం' అని ఉంటుంది. ఎవరూ తీసుకోకపోతే పెట్టెలకొద్దీ స్టోరు గదిలో మిగిలిపోయాయి. చెత్త తగ్గించమని చెప్పడానికి ఇంత చెత్త అచ్చు వేయించిన మహానుభావుడు ఎవరో కాదు, నేనే. అవగాహన విభాగం అధికారి నౌఫల్. విభాగంలో నేను, ఒక కుర్చీ, ఒక ప్రొజెక్టరు ఉంటాం. ప్రొజెక్టరు పనిచేయదు.

అక్టోబరు 5, మంగళవారం

ఈ గొడవంతా పక్క ఊరివాళ్ళ వల్ల వచ్చింది. ఏళ్ళ తరబడి జిల్లా చెత్తంతా తమ పొలాల పక్కన పోయించుకున్నవాళ్ళకి ఈ వేసవిలో ఉన్నట్టుండి వాసన తెలిసింది. డంపింగ్ యార్డు గేటుకి తాళం వేసి, దాని ముందు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. అప్పటినుంచి మా చెత్త మా దగ్గరే ఉంటోంది. బేకరీ ముందు ఒక గుట్ట, బడి ముందు ఒక గుట్ట, మసీదు సందులో ఒక గుట్ట. ఊళ్ళో పిల్లులు మాత్రం మేయర్ గారికి రుణపడి ఉన్నాయి.

కిందటి వారం కౌన్సిల్ మీటింగులో మేయర్ అబ్దుస్సలాం గారు దీనికి మందు కనిపెట్టారు. వాగు ఒడ్డున పాత రాతి క్వారీ ఖాళీగా ఉంది కదా, తాత్కాలికంగా చెత్తని అందులో పోయిద్దాం అన్నారు. మా దగ్గర తాత్కాలికం అంటే మనవల కాలం దాకా. క్వారీని ఆనుకునే హాజీ ఖమీస్ దానిమ్మ తోట. అంటే మా మామగారి తోట. ఆ తోట బావిలోకి ఊట ఆ క్వారీ రాళ్ళ కిందనుంచే వస్తుంది. అందులో చెత్త పోస్తే మొదటి వానకే బావి పోతుంది, బావితో పాటు చెట్లూ పోతాయి. ఇది నాకు తెలుసు. ఆ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళలో నాకొక్కడికే తెలుసు.

“ఎవరికైనా అభ్యంతరమా?” అని మేయర్ గారు అందరి వైపూ చూశారు. నా దగ్గర ఆ చూపు కొంచెం ఎక్కువసేపే ఆగింది. సరిగ్గా అప్పుడు నా నోట్లో ఖర్జూరం మిఠాయి ఉంది. నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడకూడదని మా అమ్మ నేర్పింది.

సాయంత్రానికల్లా సంగతి ఆడవాళ్ళ స్నానశాలకి చేరింది. దలీలా తడిజుట్టుతో ఇంటికి వచ్చి నా ఎదురుగా నిలబడింది.

“ఆ మీటింగులో నువ్వున్నావా?”

“ఉన్నాను.”

“ఏమన్నావు?”

మిఠాయి సంగతి చెప్పాను. ఆమె నవ్వలేదు. మామూలుగా అయితే నవ్వేదే.

అందుకే వెళ్ళిపోయిందని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. కోతలు ఎలాగూ వచ్చాయి.

పైగా నేనేం చేతులు కట్టుకుని కూర్చోలేదు. మర్నాడే మేయర్ గదికి వెళ్ళి క్వారీ మాట కదిపాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి మరీ మాట ఇచ్చారు. మీ జైతూన్ పేట జనానికి తడి చెత్త, పొడి చెత్త వేరు చెయ్యడం నేర్పించు, నవంబరు కల్లా చెత్త సగానికి తగ్గిందంటే ఇక క్వారీతో మనకేం పని, అన్నారు. అంటే తోట బతకడం ఇప్పుడు నా చేతుల్లో ఉంది. నేను నేర్పిస్తాను, జనం నేర్చుకుంటారు, చెత్త తగ్గుతుంది, తోట నిలుస్తుంది, దలీలా ఇంటికి వస్తుంది.

కోతలు అయ్యాక వస్తుంది అని నా ఉద్దేశం.

అక్టోబరు 7, గురువారం

బడి ఆవరణలో మొదటి అవగాహన సదస్సు. ఆడవాళ్ళు చాలామందే వచ్చారు. కేకులు పంచుతామని మైకులో చెప్పించాం. ఒక్కో కేకు ఒక్కో ప్లాస్టిక్ కాగితంలో, పక్కన ప్లాస్టిక్ సీసాలో నీళ్ళు, రెండూ కలిపి ఒక ప్లాస్టిక్ సంచీలో. ప్లాస్టిక్ వల్ల నష్టాల గురించి నేను ముప్పావు గంట మాట్లాడాను. వాళ్ళు తింటూ విన్నారు.

చివర్లో ప్రశ్నలు అడగమన్నాను. మా పక్కింటి మబ్రూకా పిన్ని లేచింది. హజ్ చేసి వచ్చిన మనిషి, పేటలో పెళ్ళికైనా చావుకైనా ఆమె మాటే మాట.

“ఎముకలు తడి చెత్తా, పొడి చెత్తా నాయనా?”

“తడి చెత్త పిన్నీ.”

“పిల్లి నాకేశాక?”

అందరూ నవ్వారు. నేను సైతం శాస్త్రీయంగా నవ్వాను. దలీలా ఉంటే ఇంటికి వచ్చాక ఇదే మాట పదిసార్లు చెప్పించుకునేది.

ఇల్లు చేరేసరికి మామయ్య రొట్టెల బండి మా వీధిలో ఉంది. మా పేటలో రొట్టెని చెత్తలో వేసే మనిషి ఇంకా పుట్టలేదు. ఎండిపోయినా అది దేవుడిచ్చిన తిండి. దాన్ని విడిగా ఒక సంచీలో వేసి, గడప పక్కన మేకుకి తగిలిస్తారు. గురువారం గురువారం మామయ్య గాడిదబండి మీద వచ్చి తన గొర్రెలకి పట్టుకెళ్తాడు. నేనూ ఒక సంచీ తగిలించాను. ఒంటరిగాణ్ణి కదా, రొట్టె బాగానే మిగులుతోంది.

ఆయన అందరి గడపల ముందూ ఆగాడు. మా గడప ముందు గాడిదే ఆగబోయింది. ఆయన అదిలించాడు.

అక్టోబరు 10, ఆదివారం

వంటింటి సొరుగు తెరిస్తే నిండా సంచీలు. దలీలా కొట్టునుంచి వచ్చిన ప్రతి సంచీనీ కడిగి, ఆరేసి, ముక్కోణంగా బిళ్ళలా మడిచి దాస్తుంది. ఇదేం పిసినారితనం అని ఎప్పుడూ ఆటపట్టించేవాణ్ణి. సంచీలు మళ్ళీ మళ్ళీ వాడండి అని ఊరంతా చెప్పి ఇంటికి వచ్చి ఈ సొరుగు చూసి నవ్వేవాణ్ణి.

ఒకటి విప్పి చూశాను. మళ్ళీ మడవడం రాలేదు.

అక్టోబరు 14, గురువారం

సంచీలు వచ్చాయి. ఇంటింటికీ పంచడానికి ఆకుపచ్చవి, తడి చెత్త కోసం. ముందు తడి చెత్త నేర్పించి, తర్వాత పొడి చెత్తకి వెళ్దామని మా వ్యూహం. రంగు నేనే ఎంచాను. మొదటిసారి మరీ పాలిపోయినట్టు ఉంటే తిప్పి పంపాను, రెండోసారి ముదురైందని తిప్పి పంపాను. ఇప్పుడు లేత దానిమ్మ ఆకు రంగులో ముద్దుగా ఉన్నాయి. పైన అందమైన రాతలో బిస్మిల్లా. కింద పెద్ద అక్షరాల్లో మేయర్ గారి పేరు. మధ్యలో చిన్న అక్షరాల్లో 'తడి చెత్త'. అన్ని కాగితాల మీదా ఉండేదే కాబట్టి పైనా కిందా ఏముందో నేను చదవనే లేదు. రంగు మాత్రం అద్భుతం.

జనం రెండు చేతులా అందుకున్నారు. కొందరు కళ్ళకి అద్దుకున్నారు. ఇంత ఆదరణ నా ఉద్యోగ జీవితంలో ఎన్నడూ చూడలేదు.

బండి మా గడప ముందు ఆగలేదు.

అక్టోబరు 19, మంగళవారం

ఇవాళ తడి చెత్త సేకరణ ఆరంభం. చెత్తబండి డ్రైవరు బెషీర్ పక్కన కూర్చుని పేటంతా తిరిగాను. ఒక్క ఆకుపచ్చ సంచీ లేదు. చెత్త మాత్రం ఎప్పటిలాగే నల్ల సంచీల్లో, అట్టపెట్టెల్లో, కొన్నిచోట్ల ఏ సంచీ లేకుండా స్వేచ్ఛగా ఉంది. బెషీర్ ఈల వేశాడు. అది తిట్టుకన్నా కష్టంగా అనిపించింది.

తిన్నగా మబ్రూకా పిన్ని ఇంటికి వెళ్ళాను. సంచీ ఏం చేశారని అడిగితే అలమారా తెరిచి చూపించింది. అన్నిటికన్నా పై అరలో, మక్కా నుంచి తెచ్చుకుని దాచుకున్న కఫన్ గుడ్డ ఆ సంచీలో భద్రంగా ఉంది. చనిపోయిన రోజు తనకి చుట్టవలసిన గుడ్డ.

“పిన్నీ, అది చెత్త వెయ్యడానికి ఇచ్చిన సంచీ.”

“ఇలా చదువు నాయనా. పైన అల్లా పేరు. కింద మేయర్ పేరు, అబ్దుస్సలాం. సలాం అంటే అదీ అల్లా పేరే కదా. ఈ రెండు పేర్ల మధ్యలో నన్ను చేప తలకాయలు వెయ్యమంటావా?”

రంగు గురించి అడిగి ఉంటే చెప్పగలిగేవాణ్ణి.

తర్వాత నాలుగిళ్ళు చూశాను. ఒకరు బడి పుస్తకాలు పెట్టుకున్నారు, ఒకరు పెళ్ళి బట్టలు. ఒకావిడ చంటిపిల్ల ఉయ్యాలకి కట్టింది, దిష్టి తగలకుండా. పొరపాటున వేలిముద్ర పడుతుందేమోనని కొందరు అసలు విప్పనే లేదు. దేశంలో ఇంత శుభ్రమైన చెత్తసంచీలు మరెక్కడా ఉండవు.

అక్టోబరు 21, గురువారం

నిజం చెప్పేద్దామని మేయర్ గారి గదికి వెళ్ళాను. ఆయన ఎవరో అతిథులకి సంచీ చూపిస్తున్నారు. ముఖం వెలిగిపోతోంది. సమయం కాదనిపించింది.

బండి ఆగలేదు. నా రొట్టె మేకుకే ఉంది, బూజు పడుతోంది.

అక్టోబరు 28, గురువారం

ఇవాళ పొద్దున్నే వీధిలోకి వచ్చి బిత్తరపోయాను. ప్రతి గడప పక్కనా మేకుకి ఆకుపచ్చ సంచీ. నిండుగా, మూతి ముడివేసి, ఎండలో ఆకుపచ్చగా మెరుస్తూ. నేర్చుకున్నారు అనుకున్నాను.

దగ్గరికి వెళ్ళి ఒకటి విప్పి చూశాను. ఎండు రొట్టె.

మబ్రూకా పిన్ని మొదలుపెట్టిందట. దేవుడి పేరున్న సంచీలో దేవుడిచ్చిన రొట్టె, ఇంతకన్నా తగిన చోటు ఏముంటుంది అందట. పేటంతా అదే బాట పట్టింది. మామయ్య గొర్రెలు ఇకనుంచి మునిసిపాలిటీ సంచీల్లో తింటాయి. ఖాళీ సంచీని మళ్ళీ అదే మేకుకి తగిలించి పోతున్నాడు.

బండి ఆగలేదు అని రాయనవసరం లేదు.

దలీలా కోతల్లో తీరిక లేక ఫోను తీయడం లేదు.

నవంబరు 4, గురువారం

మేయర్ గారికి ఎవరు చెప్పారో, ఇవాళ రాజధాని నుంచి పెద్దల్ని వెంటబెట్టుకుని పేటకి వచ్చారు. సరిగ్గా గురువారం పొద్దున. వీధి పొడవునా ఇంటింటికీ ఆకుపచ్చ సంచీ. పెద్దలు ఫొటోలు తీసుకున్నారు. ఒక పెద్దావిడ కళ్ళు చెమర్చాయి. ఇరవై ఏళ్ళుగా తను చెబుతున్నది ఇదేనని, ఒక చిన్న ఊరు చేసి చూపించిందని అంది. మేయర్ గారు నన్ను ముందుకి లాగి, అంతా ఇతని కృషే అన్నారు. చప్పట్లు కొట్టారు.

సంచీల్లో ఏముందని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణి. అడగని ప్రశ్నకి జవాబు చెప్పడం సభామర్యాద కాదు. పైగా విజయం అంటే విజయమే. ప్రచారం నెగ్గితే క్వారీ అక్కర్లేదని ఆయన మాట ఇచ్చారు. రొట్టె వల్ల అయితేనేం, తోట నిలిచింది.

నాకు చాలా సంతోషంగా ఉంది. రెండుసార్లు అద్దంలో చూసుకున్నాను.

నవంబరు 5, శుక్రవారం

క్వారీ ఖాయమైంది.

మాది ఇప్పుడు ఆదర్శ పట్టణమట, ఆదర్శ పట్టణానికి ఆదర్శ డంపింగ్ యార్డు ఉండాలట. రాజధాని పెద్దలు సంతకం పెట్టేశారట. మేయర్ గదికి పరుగెత్తాను. మాట ఇచ్చారు కదా సార్ అన్నాను. ఆయన చాలా ఓపిగ్గా చెప్పారు. “చెత్త తగ్గితే అన్నాను. తగ్గలేదు కదా, నేను రోజూ కారులోంచి చూస్తూనే ఉన్నాగా. కానీ జనానికి అవగాహన వచ్చింది. అవగాహన ఉన్నవాళ్ళ చెత్త పక్కనుంటే మీ మామగారికి ఇబ్బందేముందయ్యా?”

నేను ఏదో అనబోయి, నీళ్ళు నమిలి, వచ్చేశాను. నా నోట్లో మిఠాయి కూడా లేదు.

నవంబరు 6, శనివారం

దలీలా దానిమ్మలు కోస్తోంది.

నవంబరు 11, గురువారం

తోటకి వెళ్ళాను. ఆఫీసు పని మీదే. క్వారీ దారిలో లారీలు పడతాయో లేదో కొలిచి రమ్మన్నారు.

చెట్ల మీద ఒక్క కాయ లేదు. ఆకులు కూడా పసుపు తిరిగి రాలుతున్నాయి. కింద పడిన తొక్కల్ని గొర్రెలు తినేశాయి, నేల ఊడ్చినట్టు ఉంది. దలీలా పాక కింద కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో గౌను కుడుతోంది. నన్ను చూసి మిషను ఆపింది.

“కోతలు ఎంతవరకు వచ్చాయి?” అన్నాను.

“ఎప్పుడో అయిపోయాయి.”

“చెప్పనే లేదు.”

“నువ్వు అడగలేదు.” నా చేతిలోకి చూసింది. “అదేంటి?”

“టేపు.”

టేపు దేనికో ఆమెకి తెలుసు. నేను దాన్ని జేబులో పెట్టుకోబోతే పట్టలేదు. కాసేపు ఇద్దరం దాన్నే చూశాం.

“సంచీల్లో రొట్టె ఉందని ఆ పెద్దలకి చెప్పావా?”

“ఎవరూ అడగలేదు దలీలా.”

“నేనూ అడగలేదుగా. అడక్కుండా ఒక్కసారైనా నోరు తెరుస్తావేమోనని చూశాను. నువ్వు చెడ్డవాడివైనా బాగుండేది నౌఫల్, తిట్టుకుని ఊరుకునేదాన్ని. నువ్వు మంచివాడివి. నీ పక్కన నిలబడితే నాకు ఎవరూ లేనట్టు ఉంటుంది.”

మామయ్య బావి దగ్గర్నుంచి వచ్చాడు. “టీ తాగి వెళ్ళు బాబూ,” అన్నాడు. అంతే. నాకు పంచదార ఎక్కువ కావాలని ఆయనకి గుర్తే ఉంది. ఆ బావి నీళ్ళతో పెట్టిన టీ తాగి, దారి కొలిచి వచ్చాను. లారీ పడుతుంది.

ఇవాళ గురువారమే, అయినా రొట్టెల బండి రాలేదు. ఆయన నాకు టీ పెడుతూ అక్కడే ఉండిపోయాడు.

నవంబరు 15, సోమవారం

కొలతలు ఇచ్చేశాను. లారీలు గురువారం వెళ్తాయి. మొదటి లారీలో నన్ను కూడా కూర్చోమన్నారు, అవగాహన కోసం.

రోజంతా ఛాతీలో బరువుగా ఉంది. చలికాలం కదా.

నవంబరు 16, మంగళవారం

మబ్రూకా పిన్ని ఆఫీసుకి వచ్చింది. ఆమె ఆఫీసుకి రావడం ఇదే మొదటిసారి. స్టోరు గదిలో ఆకుపచ్చ సంచీలు ఇంకా ఉన్నాయా అని అడిగింది. పెట్టెలకొద్దీ ఉన్నాయన్నాను.

“ఎందుకు పిన్నీ?”

“రొట్టె ఎక్కువైంది.”

ఆ మాట అంటూ కిటికీలోంచి బయటికి చూసింది. అబద్ధం ఆడటం ఆమెకి అలవాటు లేదు. నేను ఇంకో ప్రశ్న వెయ్యలేదు. గది తాళం తీసి, పెట్టెలు నా భుజం మీదే మోసి ఆమె తెచ్చిన బండిలో పెట్టాను. గాడిద నాకు తెలిసినదే. దాని పగ్గాలు పట్టుకున్న మనిషి నా వైపు చూడలేదు గానీ, చివరి పెట్టె జారబోతే చెయ్యి అందించాడు.

స్టోరు గది ఖాళీ అయింది. నా ఉద్యోగంలో చెత్త తగ్గించడం ఇదే మొదటిసారి.

నవంబరు 18, గురువారం

ఇది సరిగ్గా రాయాలి.

పొద్దున్నే బెషీర్ లారీలో ఎక్కాను. వెనక ఇంకో మూడు లారీలు. వాటి వెనక వేసవి నుంచి ఊరు దాచుకున్న వాసనంతా. తోట మలుపు తిరిగాక బెషీర్ ఈల ఆపేశాడు. లారీ కూడా ఆపాడు.

దారికి అడ్డంగా తాడు. ఈ పక్క తోట కంచె రాటకి, ఆ పక్క ఖర్జూరం చెట్టుకి. కిందా పైనా మూడు వరసల్లో తాడు, దాని నిండా ఆకుపచ్చ సంచీలు. ఒక్కోదాని మూతి తాడు చుట్టూ తిప్పి మిషను మీద కుట్టేశారు, గాలికి ఊడిరాకుండా. ప్రతి సంచీలోనూ రొట్టె. ప్రతి సంచీ మీదా బిస్మిల్లా, ప్రతి సంచీ మీదా అబ్దుస్సలాం. అవతల చాపలు పరుచుకుని పేట ఆడవాళ్ళంతా కూర్చున్నారు. మధ్యలో మబ్రూకా పిన్ని తస్బీ పూసల దండ తిప్పుతూ జపం చేసుకుంటోంది. రాట దగ్గర దలీలా నిలబడి ఉంది. మామయ్య గొర్రెల్ని కాస్తున్నట్టు నటిస్తున్నాడు. ఆయనకి నటన రాదు.

బెషీర్ దిగి, దగ్గరికి వెళ్ళి చదివి, వెనక్కి వచ్చాడు. “నావల్ల కాదన్నా. దేవుడి పేరు, దేవుడి రొట్టె. ఈ రెంటి మీదా చక్రం ఎక్కించి సాయంత్రం మా ఆవిడకి ఏ ముఖం చూపించను?” అన్నాడు. వెనక లారీలవాళ్ళు దిగను కూడా దిగలేదు. ఇంజన్లు ఆపేసి సిగరెట్లు వెలిగించారు.

మేయర్ గారు కారులో వచ్చారు. తాడు పొడవునా తన పేరే ఉంటే ఎవరికైనా కొంచెం సంతోషం వేస్తుంది, ఆయన ముఖంలో కూడా మొదట అదే కనిపించింది. తర్వాత అర్థమైంది. తాడు కొయ్యమని బంట్రోతుకి చెప్పారు. బంట్రోతు తన బూట్లు చూసుకున్నాడు. బెషీర్ కి చెప్పారు. బెషీర్ ఆకాశం చూశాడు. ఆయనే కత్తి అందుకుని కోసేవారేమో, కానీ కోస్తే రొట్టె బురదలో పడుతుంది, ఇంతమంది ఆడవాళ్ళ చేతుల్లో ఇన్ని ఫోన్లున్నాయి.

అప్పుడు నా వైపు తిరిగారు. “నౌఫల్, వీళ్ళకి అవగాహన కల్పించు.”

సరిగ్గా అప్పుడే గాలి రేగి, ఖర్జూరం చెట్టు వైపు ముడి వదులైంది. తాడు కిందికి వాలింది. ఇంకాస్త ఉంటే సంచీలు నేలకి తగులుతాయి. చాపల మీద అందరూ లేవబోయారు. ఆ చెట్టుకి అందరికన్నా దగ్గర్లో ఉన్నది నేను.

“చూస్తూ నిలబడకు,” అంది దలీలా. గట్టిగా కూడా అనలేదు. “ఆ కొస పట్టుకో.”

పట్టుకున్నాను. రొట్టె ఇంత బరువుంటుందని అనుకోలేదు. చేతులు కోసుకుపోయాయి.

మేయర్ గారు ఒకడుగు ముందుకి వేశారు. “ఏంటిది? ఇక్కడ ఎవరికి అభ్యంతరం?” అన్నారు. ఆ రోజు బల్ల దగ్గర అడిగిన గొంతుతోనే అడిగారు. నేనూ ఆ రోజులాగే భయపడ్డాను. తాడు మాత్రం వదల్లేదు.

“నాకుంది సార్,” అన్నాను. “ఆ బావిలోకి నీళ్ళు ఈ క్వారీ కిందనుంచే వస్తాయి. నాకు మొదటినుంచీ తెలుసు. ఆ సంచీల్లో ఏ రోజూ చెత్త లేదు, రొట్టె ఉంది. అదీ తెలుసు.”

ఫోన్లన్నీ నా వైపు తిరిగాయి. ఆయన కారెక్కారు. లారీలు వెనక్కి తిప్పడానికి చాలాసేపు పట్టింది. దారి వెడల్పు నేను కొలిచినంత లేదు.

తాడు మళ్ళీ కట్టేశాక చేతులు కడుక్కోవడానికి బావి దగ్గరికి వెళ్ళాను. దలీలా నీళ్ళు పోసింది. అరచేతులు చూసింది. ఈసారి నాకు నిజంగానే ఏం అడగాలో తెలియలేదు. ఒక్కణ్ణే నడిచి ఇంటికి వచ్చాను.

నవంబరు 20, శనివారం

దలీలా దానిమ్మలు కోయడానికి వెళ్ళలేదు. నన్ను వదిలి వెళ్ళింది. నేనే వెళ్ళేలా చేశాను.

రాశాక ఛాతీలో బరువు తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు.

నవంబరు 23, మంగళవారం

క్వారీ విషయం నిపుణుల పరిశీలనకి పంపారట. అంటే మా మనవల కాలం దాకా ఏమీ జరగదు. మా ఊరి తాత్కాలికం మొదటిసారి మాకు పనికొచ్చింది. చెత్త మాత్రం బేకరీ ముందే ఉంది. దానికింకా ఎవరి దగ్గరా మందు లేదు, నా దగ్గరా లేదు. కాకపోతే నిన్న బెషీరూ నేనూ కలిసి బడి ముందు గుట్టని కాస్త పక్కకి జరిపాం, పిల్లలు నడవడానికి.

నన్ను శ్మశానాల విభాగానికి బదిలీ చేశారు. అక్కడివాళ్ళకి అవగాహన అక్కర్లేదు, చెత్త కూడా వెయ్యరు. కుర్చీ నాతో పంపించారు. ప్రొజెక్టరు ఉంచుకున్నారు.

నవంబరు 25, గురువారం

పొద్దున రొట్టెని నేనూ ఆకుపచ్చ సంచీలో వేసి మేకుకి తగిలించాను. వారం వారం ఎందుకు తగిలిస్తున్నావని నన్ను నేను అడగలేదు. తలుపు వేసుకుని, దాని వెనకే దొంగలా నిలబడ్డాను.

బండి చప్పుడు మబ్రూకా పిన్ని గడప దగ్గర ఆగింది. తర్వాత ఎదురింటి దగ్గర. తర్వాత మా ముందుకి వచ్చింది. గాడిద ఆగింది. ఎవరూ అదిలించలేదు.

బండి వెళ్ళిపోయేదాకా తలుపు తియ్యలేదు. అది కదలకముందే తలుపు కిందనుంచి ఏదో లోపలికి జారింది. నా సంచీయే. రొట్టె దులిపి, దేవుడి పేరు పైకి వచ్చేలా, ముక్కోణంగా బిళ్ళలా మడిచి ఉంది. మామయ్య ఖాళీ సంచీల్ని ఎప్పుడూ మేకుకే తగిలించి పోతాడు. ఆయనకి మడవడం రాదు.